ఈ జ్వరం ఎవరిది

ఆడదోమకు రక్తం కావాలి. ఆకలి తీరడానికి కాదు, గుడ్లు పెట్టడానికి. మగదోమ పూల రసం తాగి బతికేస్తుంది, ఎవరినీ కుట్టదు. నా ఉద్యోగమంతా ఈ రెండు ముక్కల చుట్టూనే తిరిగింది. దోమల మీద పరిశోధన చేసే ఒక ప్రభుత్వ సంస్థలో చేరి, అక్కడే రిటైరయ్యాను. ఏ సంవత్సరం ఏ హోదా వచ్చిందో రాస్తే మీకు ఉపయోగం లేదు, నాకూ సరిగ్గా గుర్తు లేదు. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ల కోసం రాస్తున్నాను. పుస్తకాల్లో ఉన్నది మీరే చదువుకుంటారు. చేరేటప్పుడు నాకు ఎవరూ చెప్పనిది, చెప్పినా నేను వినేవాణ్ణి కానిది మాత్రం ఇక్కడ పెడతాను.

మా ఇల్లు దబీర్‌పురాలో, స్టేషన్ వెనక గల్లీలో. ఒకే వాకిట్లో రెండు వాటాలు. ఒకటి మాది, రెండోది దేవదానం వాళ్లది. అతను రైల్వేలో గ్యాంగ్‌మన్. అతని భార్య ఎస్తేరు ఒక బడిలో ఆయా. నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి కాబట్టి వాకిట్లో ఒక పెద్ద నీలం డ్రమ్ము ఉండేది, రెండిళ్లకూ అదే. పరిశోధన ప్రయోగశాలలో జరుగుతుంది, జబ్బు ఊళ్లో ఉంటుంది అని నేను చాలా ఏళ్లు అనుకున్నాను. ఆ రెండింటి మధ్య రోజూ బస్సెక్కి తిరుగుతున్నది నేనేనన్న సంగతి నాకు తట్టలేదు.

చెయ్యి పెట్టడం

మా సంస్థలో దోమలను పెంచే గది ఒకటి ఉండేది. లోపల ఎప్పుడూ వేడి, చెమ్మ. వరసగా బల్లల మీద తెల్లటి వలగుడ్డ కట్టిన పంజరాలు. ఒక్కో పంజరానికి ఒక పక్క గుడ్డతో కుట్టిన చేతితొడుగు లాంటి దారి. అందులోంచి చెయ్యి లోపలికి పెడితే దోమలు వచ్చి వాలతాయి.

ఆ గదిని చూసుకునేవాడు రహీం భాయ్. కార్వాన్‌లో ఉండే మనిషి. నేను చేరిన వారంలోనే నన్ను పంజరం ముందు కూర్చోబెట్టి, "చొక్క చెయ్యి మడువు సాబ్. బిడ్డలు ఆకలి మీద ఉన్నరు" అన్నాడు.

"అన్నీ బిడ్డలేనా?"

"అల్లుండ్లు గుడ ఉన్నరు. వాళ్ల ఫికర్ లేదు. చక్కెర నీళ్లు నాకి పండుకుంటరు. కూడు పెట్టాల్సింది బిడ్డలకే."

చెయ్యి పెట్టాను. ముందు చురుక్కుమంది, తర్వాత మంట, తర్వాత దురద. బయటికి తీసేసరికి మోచేతి దాకా దద్దుర్లు. రహీం భాయ్ కొబ్బరినూనె సీసా జరిపి, "ఇగ మనోడివైనవ్" అన్నాడు. మాలో అందరికీ వంతులు ఉండేవి. ఎవరి చేతి మీద మచ్చలు ఎక్కువుంటే వారికి క్యాంటీన్‌లో కాస్త గౌరవం.

అప్పటి మా డైరెక్టర్‌కు ఈ పద్ధతంటే గర్వం. బయటినుంచి అతిథులు వస్తే తానే చొక్కా మడిచి చెయ్యి లోపల పెట్టి, ఆ చేత్తోనే వాళ్లకు గది చూపించేవారు. "పరిశోధకుడికి మొదటి ఎలుక తానే" అనేవారు. మాకు ఒళ్లు పులకరించేది. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన ధైర్యం అంత గొప్పదేమీ కాదు. ఆ పంజరాల్లోవి మా గదిలోనే పుట్టి, తరతరాలుగా అక్కడే పెరిగిన దోమలు. వాటిలో ఏ జబ్బూ లేదు. వాటిని మేం ఇంటి దోమలు అనేవాళ్లం. గల్లీల్లోంచి, డ్రమ్ముల్లోంచి పట్టుకొచ్చి పెంచేవి బయటి దోమలు. వాటిలో ఏముందో ఎవరికీ తెలియదు. వాటికి కుందేలు రక్తమే పెట్టాలి, మనిషి చెయ్యి పెట్టకూడదు. ఈ ఒక్క నియమం విషయంలో మాత్రం ఆ డైరెక్టర్ కూడా ఎప్పుడూ మెత్తబడలేదు.

గాజు గొట్టం

ఇంకో సంగతి చెప్పి అసలు విషయానికి వస్తాను. దోమను నలగకుండా పట్టడానికి మాకు ఒక గాజు గొట్టం ఉండేది. దానికి రబ్బరు ట్యూబు. ట్యూబు కొస నోట్లో పెట్టుకుని, గోడ మీద వాలిన దోమ దగ్గర గొట్టం పెట్టి గాలి పీలిస్తే దోమ గొట్టంలోకి వస్తుంది. మధ్యలో సన్నటి వలగుడ్డ అడ్డం ఉంటుంది కాబట్టి దోమ నోట్లోకి రాదు. కానీ దాని రెక్కల మీది పొడి వస్తుంది. ధూల్‌పేట్‌లో పశువుల కొట్టాలు, ఓల్డ్ సిటీలో పాత ఇళ్ల స్నానాల గదులు, ఇలా ఎన్ని గోడల ముందు నిలబడి పీల్చానో చెప్పలేను. ఆ పొడి నా ఊపిరితిత్తుల్లో ఉండిపోయింది. చలికాలంలో దగ్గు మొదలైతే ఉగాది దాకా పోదు.

ఆ దగ్గు మీద నాకు ఫిర్యాదు లేదు. అది నా పనికి నేను చెల్లించుకున్నది. నాతోనే వచ్చింది, నాతోనే పోతుంది. మీలో ఎవరైనా సైన్సు కోసం ఒంటిని పణంగా పెట్టడం తప్పా అని అడిగితే, ముందు ఈ దగ్గు చూపిస్తాను. తర్వాత కిందిది చెబుతాను.

ఎండాకాలం ప్రశ్న

డెంగ్యూ వానాకాలంలో వస్తుంది, చలికాలంలో తగ్గుతుంది, ఎండాకాలంలో దాదాపు కనబడదు. మళ్లీ వానలు పడగానే ఎక్కడినుంచో లేస్తుంది. మధ్యలో ఆ వైరస్ ఎక్కడ దాక్కుంటుంది? తల్లిదోమ నుంచి గుడ్డులోకి, గుడ్డు నుంచి పిల్లదోమలోకి దిగుతుందని అప్పటికే కొందరు చూపించారు. మన గల్లీల్లో, మన డ్రమ్ముల్లో అలా జరుగుతోందా, ఒక తరం దాటి రెండో తరానికి కూడా దిగుతోందా అన్నది నా ప్రశ్న. ఎండలు ముదురుతుండగా దబీర్‌పురా డ్రమ్ముల్లోంచి దోమపిల్లలను తెచ్చి ఒక పంజరంలో పెంచాను. అవి పెద్దవయ్యాయి. వాటికి రక్తం పెడితే గుడ్లు పెడతాయి. లేకపోతే ఆ తరంతోనే అంతా అయిపోతుంది.

సరిగ్గా అప్పుడే మా కుందేళ్లకు చర్మం జబ్బు పట్టుకుంది. పశువుల డాక్టరు వాటిని ముట్టుకోవద్దన్నారు. కొత్తవి వచ్చేసరికి నా దోమలు ఉండవు. అప్పటికి మా సంస్థ పెద్ద డాక్టర్ వసుంధర మేడమ్. ఆమెను అడిగితే, "వచ్చే ఎండాకాలం మళ్లీ చేయండి. డ్రమ్ములు ఎక్కడికీ పోవు కదా" అన్నారు.

ఆమె చెప్పింది సబబే. కానీ ఏడాది ఆగడం నా వల్ల కాలేదు. ఒక శుక్రవారం రహీం భాయ్ నమాజుకు వెళ్లినప్పుడు చొక్కా మడిచి బయటి దోమల పంజరంలో చెయ్యి పెట్టాను.

కుందేళ్లు లేకపోవడం ఒక కారణమే. రెండోది కూడా ఉంది. వాటిలో వైరస్ ఉంటే నాకు జ్వరం వస్తుంది, వస్తే నా ప్రశ్నకు అన్నిటికన్నా ముందు జవాబు నా ఒంట్లోనే దొరుకుతుంది అని కూడా అనుకున్నాను. అది పరిశోధన కాదు, పందెం. ఒక మనిషికి ఒక జ్వరం రావడం దేనికీ రుజువు కాదని నేనే కొత్తవాళ్లకు పాఠం చెప్పేవాణ్ణి. అయినా చెయ్యి లోపల ఉన్నంతసేపూ నాకు భయం వేయలేదు, సంతోషం వేసింది. మీరు జాగ్రత్తపడాల్సింది ఆ సంతోషం దగ్గర.

రహీం భాయ్ వచ్చి చూశాడు. పంజరంలో ఎర్రగా ఉబ్బిన పొట్టలు. కుందేలు లేదు.

"ఎవలు పెట్టిన్రు కూడు?"

నేను చొక్కా చెయ్యి దించుకోబోతుంటే నా చెయ్యి చూశాడు.

"గవి మన బిడ్డలు గావు సాబ్. పరాయి ఇంటివి. వాటి గుణం మనకేం ఎరుక?"

"ఏం గాదు లే భాయ్."

"మేడమ్‌కు నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా?"

"నేనే చెప్త."

చెప్పలేదు.

ఎండదెబ్బ

వారం తిరక్కుండా జ్వరం వచ్చింది. ఒళ్లంతా కర్రలతో కొట్టినట్టు, కళ్ల వెనక పోటు. ఆఫీసుకు ఎండదెబ్బ అని చెప్పాను. నా భార్య లక్ష్మికీ అదే చెప్పాను. ఆమె గల్లీ చివర ఒక దుకాణంలో బ్లౌజులు కుట్టేది, పెళ్లిళ్ల కాలం, మానడానికి వీల్లేదు. బడికి సెలవులు కాబట్టి ఎస్తేరు నన్ను చూసుకుంది. పగలంతా మా ముందు గదిలో తలుపు తీసిపెట్టి, కూలర్ వేసుకుని పడుకునేవాణ్ణి. ఆమె జొన్నజావ తెచ్చి, గడప దగ్గర కూర్చుని చింతపండు పిక్కలు తీసుకుంటూ, "తాగు అన్నా, మీ దోమలే నయం, చెప్పకుండనే తాగుతయి" అనేది.

డెంగ్యూ దోమ పగటిపూట కుడుతుంది. జ్వరమొచ్చిన మనిషిని అది కుట్టి, కొన్నాళ్లకు ఇంకొకరిని కుడితే జబ్బు వాళ్లకు పోతుంది. అందుకే జ్వరమున్నవాళ్లను పగలు కూడా దోమతెరలో పడుకోబెట్టాలి. ఇది నేను గల్లీ గల్లీ తిరిగి మైకులో చెప్పిన మాట. మా ఇంట్లో దోమతెర ఉంది, మంచం కింద మడతపెట్టి. పట్టపగలు అది కడితే ఎందుకని లక్ష్మి అడుగుతుంది. ఎస్తేరు అడుగుతుంది. ఒక అబద్ధాన్ని నిలబెట్టుకోవడానికి ఆ తెర కట్టలేదు. కూలర్ తొట్టిలో నీళ్లు మార్చి ఎన్నాళ్లయిందో కూడా చూసుకోలేదు. చెయ్యి పెట్టడం కన్నా ఇది పెద్ద తప్పని నాకు అర్థం కావడానికి చాలా కాలం పట్టింది.

జ్వరం తగ్గింది. మళ్లీ పనికి పోయాను. దోమలు అప్పటికే గుడ్లు పెట్టి ఉన్నాయి. నేను హుషారుగా ఉన్నాను.

తర్వాత రెండు వారాలకు అన్నం పెడుతూ లక్ష్మి అంది: "ఎస్తేరుకు జరం. ఒళ్లంత ఇరగ్గొట్టినట్టున్నదంట. కండ్ల ఎనుకకెళ్లి ఒకటే నొప్పంటున్నది. నీకొచ్చిన ఎండదెబ్బనే ఆమెకూ తలిగినట్టున్నది."

ముద్ద నా చేతిలోనే ఉండిపోయింది. అది డెంగ్యూ అని నాకు ఆ నిమిషంలోనే తెలిసిపోయింది. డెంగ్యూ అయితే చేయకూడనిది ఒకటుంది. ఒళ్లునొప్పులకని గల్లీ క్లినిక్కుల్లో ఇచ్చే సూదులు, మాత్రలు కొన్ని రక్తాన్ని పలచన చేస్తాయి, రక్తస్రావం పెంచుతాయి. ఆ మండుటెండల్లో డెంగ్యూ అని ఏ డాక్టరూ అనుమానించడు. అనుమానించగలిగినవాణ్ణి ఆ వాకిట్లో నేనొక్కణ్ణే. లేచి పది అడుగులు వేసి చెబితే సరిపోయేది.

"డాక్టరుకు చూపియ్యమను" అన్నాను. తిని పడుకున్నాను.

పొద్దున్నే ఆఫీసుకు వెళ్లాను. గుట్టుగా ఏదైనా పరీక్ష చేయించవచ్చేమోనని ఆలోచిస్తూ ఆ రోజంతా గడిపాను. సాయంత్రం వచ్చేసరికి ఎస్తేరుకు క్లినిక్కులో నొప్పుల సూది వేసేశారు. మర్నాడు తెల్లవారి ఆమె పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం ఆగలేదు. చేతుల మీద ఎర్రటి చుక్కలు.

దేవదానం డ్యూటీకి బయల్దేరుతున్నాడు. వాకిట్లో ఆపాను.

"తమ్మీ, అది ఎండదెబ్బ గాదు. డెంగ్యూ."

"నీకెట్ల ఎరుక?"

"నాకొచ్చింది గుడ గదే. దోమల పంజరంల చెయ్యి పెట్టిన. పెట్టొద్దన్న దాంట్ల."

"ఎండదెబ్బంటివి గద అన్నా."

"అబద్ధం చెప్పిన."

అతని చేతిలో టిఫిన్ డబ్బా ఉంది. దాన్ని డ్రమ్ము మూత మీద పెట్టాడు.

"మొదలు ఆటో పట్టుకరా. లొల్లి తర్వాత" అన్నాడు.

జేబులో సీసా

ఆసుపత్రిలో ఉన్నది చిన్న వయసు డాక్టరు. డెంగ్యూ పరీక్ష చేయమంటే, "ఈ ఎండల్లోనా?" అన్నాడు. అంతా చెప్పాను, దాచకుండా. అతను నా మొహం చూడకుండా రాసుకున్నాడు. పరీక్షలో డెంగ్యూ అనే తేలింది. ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి. సూది వేయకుండా ఉంటే ఇంతదాకా రాకపోవచ్చు అని మాత్రం అన్నాడు. అది ఎవరికి చెప్పాడో దేవదానానికీ తెలుసు, నాకూ తెలుసు.

మర్నాడు వార్డుకు వెళ్లాను. ఎస్తేరుకు ఇంకా చిగుళ్లలో రక్తం వస్తూనే ఉంది, నోటి దగ్గర గుడ్డ పట్టుకుని పడుకుంది. దేవదానం మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. నేను వంగి పండ్ల సంచి పెడుతుంటే అతని చూపు నా చొక్కా జేబు మీద ఆగింది.

"జేబుల ఏందన్నా?"

"చిన్న సీసా."

"మందా?"

"కాదు. రక్తం తీసుకునేది."

ఇది రాయడం నాకు అన్నిటికన్నా కష్టం. ఆ మనిషి బతుకుతుందో లేదో తెలియని రోజున, పొద్దున్నే ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు ఆ సీసా గుర్తుపెట్టుకుని జేబులో వేసుకున్నాను. ఆమె రక్తంలోని వైరస్‌నూ, పంజరంలో మిగిలిన దోమలనూ పోల్చి చూస్తే రెండూ ఒకటేనో కాదో తెలిసే అవకాశం ఉంది. నాకు తెలుసుకోవాలనిపించింది. అంత పశ్చాత్తాపంలోనూ అనిపించింది.

ఎస్తేరు విన్నది. నోటి మీది గుడ్డ తీసి అడిగింది.

"దాంతోని నాకేమన్న తగ్గుతదా?"

"తగ్గది చెల్లె."

"ఇంకెవలకన్న తగ్గుతదా?"

"ముందు ముందు..."

"ముందు ముందు గాదు. ఇప్పుడు."

"ఇప్పుడైతే ఎవలకు తగ్గది. నాకు తెలుస్తది. ఈ జరం నా కాడికెళ్లి వచ్చిందా, గల్లీలకెళ్లి వచ్చిందా అని."

ఆమె కళ్లు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాను.

"నీ కాడికెళ్లి గాదని తేల్తే నిమ్మళంగ పండుకుంటవ్ గదా" అంది.

నా చెయ్యి జేబు మీదికి పోయింది.

"అయితే తెల్వకుంటనే ఉండు అన్నా."

దేవదానం లేచి నా జేబులోంచి సీసా తీసి, కిటికీ గూట్లో పెట్టాడు. కోపంగా కాదు. ఇంట్లో ఎక్కడపడితే అక్కడ ఉన్న వస్తువును తీసి పక్కన పెట్టినట్టు.

మేడమ్ అడిగిన ప్రశ్న

అక్కణ్ణుంచి నేరుగా మేడమ్ దగ్గరికి వెళ్లి చెప్పాను. ఆమె కేకలు వేస్తారనుకున్నాను. వేయలేదు.

"చెయ్యి మీది. రక్తం మీది. జ్వరం కూడా మీ ఒక్కరిదేనని ఎవరు చెప్పారు మీకు?" అన్నారు. "దోమల మీద ఇన్నేళ్లు పనిచేశారు. అది ఒకరి దగ్గర ఆగే జబ్బు అయితే మనకు ఈ సంస్థ ఎందుకు?"

ఆ పంజరాన్ని ఆ రోజే తీయించి, దోమలన్నిటినీ, అవి పెట్టిన గుడ్లనూ గడ్డకట్టించి పరీక్షకు పంపారు. ఏమీ దొరకలేదు. నన్ను కుట్టినవి అప్పటికే చాలావరకు చచ్చి, చెత్తలో పోయాయి. దొరకలేదు అంటే లేదు అని కాదు. నా రక్తపరీక్షలో నాకు వచ్చింది డెంగ్యూయేనని తేలింది. పంజరం నుంచి వచ్చిందా, మా వాకిటి డ్రమ్ములోంచే వచ్చిందా అన్నది తేలలేదు. ఇక తేలదు.

చెయ్యి పెట్టే పద్ధతి, ఇంటి దోమలకైనా సరే, ఆ వారమే బందయింది. రహీం భాయ్ నాతో చాలా రోజులు మాట్లాడలేదు. చివరికి ఒకసారి చాయ్ దగ్గర, "నువ్వు చెప్తనన్నవ్. నేను నమ్మిన. నాది గుడ తప్పే" అన్నాడు. కాదన్నాను. అతను తల అడ్డంగా ఊపి చాయ్ తాగాడు.

నన్ను దోమల గది నుంచి తీసి, టార్చి వేసి దోమపిల్లలను వెతికే పనికి, గల్లీల్లో డ్రమ్ముల తనిఖీకి వేశారు. రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాను. శిక్ష అనే అనుకున్నాను, అది శిక్షే. నా ప్రశ్నకు జవాబు తర్వాత వేరేవాళ్లు, వేరే ఊళ్లో, కుందేళ్లతో, ఓపిగ్గా వెతికారు.

మీకు నేను చెప్పగలిగింది ఇంతే. తెలుసుకోవాలన్న కోరిక లేనివాళ్లు ఈ పనిలోకి రావద్దు. జీతానికి ఇంతకన్నా చల్లటి ఉద్యోగాలు చాలా ఉన్నాయి. ఒంటి మీదికి తెచ్చుకోవాల్సి వస్తే కూడా, కొన్నిసార్లు తప్పదు. కానీ "నా ప్రాణం, నా ఇష్టం" అన్న మాట నోటికి వచ్చినప్పుడు ఒక్కసారి ఆగి, సాయంత్రం మీరు ఏ వాకిట్లోకి వెళ్తారో, మీకు జావ తెచ్చి ఇచ్చేది ఎవరో తలుచుకోండి. వాళ్లను అడిగారా? అడగకపోతే ఆ ధైర్యం సగం వాళ్ల దగ్గర దొంగిలించిందే. చెయ్యి పెట్టేముందు పై అధికారికి చెప్పండి. చెప్పలేకపోతున్నారంటే పెట్టకూడదని మీకే తెలుసన్నమాట.

వాకిట్లో

ఎస్తేరు బతికింది. జుట్టు చాలా ఊడిపోయింది. బడి తెరిచాక కూడా కొన్నాళ్లు పనికి పోలేకపోయింది. ఆ రోజుల్లో లక్ష్మి రెండిళ్లకూ వంట చేసింది, నాతో మాత్రం అవసరమైన మాటలే మాట్లాడింది. దేవదానం చెప్పిన లొల్లి తర్వాత కూడా రాలేదు. వస్తే బాగుండేది.

బదులుగా ఎస్తేరు ఒక మాట మొదలుపెట్టింది. మరుసటి వానాకాలం గల్లీలో ఎవరికో జ్వరం వచ్చిందని తెలియగానే తన గడపలో నిలబడి, అందరూ వినేలా అడిగింది.

"అన్నా, ఈ జరం నీదా, మాదా?"

నల్లా దగ్గర ఉన్నవాళ్లు నవ్వారు. నేను తల ఎత్తలేదు. తర్వాత ప్రతి ఏడూ, గల్లీలో ఎవరికి ఒళ్లు వెచ్చబడినా అదే మాట. కొన్నేళ్లకు అది ఎగతాళో, నిందో, మా ఇద్దరికీ అలవాటైన పలకరింపో నాకు తెలియకుండా పోయింది. ఆమెను అడగలేదు. నా జవాబు మాత్రం ఎప్పుడూ ఒకటే: "తెల్వదు చెల్లె." తెలియకుండానే ఉండమని ఆమె నన్ను ఉంచిన చోటు అదే.

మొన్న వానలు మొదలయ్యాక ఆమె మనవరాలికి జ్వరం వచ్చింది. నేను కుర్చీలో కూర్చుని ఈ కాగితాలే రాస్తున్నాను. ఎస్తేరు గడపలోకి వచ్చింది. ఈసారి నవ్వు లేదు.

"అన్నా, ఈ జరం నీదా, మాదా?"

"తెల్వదు చెల్లె. పిల్లను తెర కింద పండుకోబెట్టు. నొప్పుల సూది ఏపియ్యకు. పొద్దుగూకకముందే పరీక్షకు తీస్కపోదాం."

"తెర ఎప్పుడో కట్టిన" అంది. "నువ్వు రాసుకునుడు ఆపి డ్రమ్ము సూడు."

టార్చి తీసుకుని లేచాను.